టెక్ సందేహాలు: శని తెల్ల ముద్దలా పడుతోందా? కొత్త కెమెరా కొనకండి, కాస్త ఆగండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం మేడ మీద టెలిస్కోపు పెట్టుకున్నవాళ్లవే. అందుకని ఫోన్ హ్యాంగులూ వైఫై గొడవలూ వచ్చే వారానికి వాయిదా.

130 ఎంఎం రిఫ్లెక్టర్ (లెన్స్ బదులు అద్దంతో పనిచేసే టెలిస్కోపు) కొన్నాను, ఫోకల్ లెంత్ 650. కంటితో చూస్తే శని చుట్టూ వలయం తెలుస్తోంది, ఐపీస్ దగ్గర ఫోన్ పెట్టి ఫొటో తీస్తే మాత్రం తెల్లటి ముద్ద. సిటీ వెలుతురు వల్లా? ఏ కెమెరా కొనాలి? (మియాపూర్)

ఏదీ కొనొద్దు. సిటీ వెలుతురు తప్పు కూడా కాదు, గ్రహాలకు చంద్రుడికి దానితో పెద్దగా పేచీ లేదు. తప్పు ఫోన్‌లోని ఆటో మోడ్‌ది. శని ఎంత చిన్నదంటే చంద్రుడి వెడల్పులో వందో వంతు ఉంటుంది. స్క్రీన్ నిండా నల్లటి ఆకాశం కనబడేసరికి ఫోన్ చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, శని కాస్తా మాడిపోతుంది. స్క్రీన్ మీద శని దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరుపుతూ పోండి, వలయం విడిగా తెలిసేదాకా. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా ఐపీస్‌కి బిగించే క్లాంపు వాడండి, ఖర్చు పెట్టాలనిపిస్తే దానిమీద పెట్టండి.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఫొటో కాదు, వీడియో తీయాలి. పైన గాలి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి బొమ్మ నీళ్లలో రూపాయి బిళ్లలా ఊగుతుంది, మధ్యమధ్యలో ఏ క్షణమో నిలకడగా నిలుస్తుంది. రెండు నిమిషాల వీడియోలో సెకనుకు 60 ఫ్రేముల లెక్కన 7,200 ఫ్రేములు వస్తాయి. వాటిలో బాగున్నవి ఏరి ఒకదానిమీద ఒకటి పేర్చే పని ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దానికంటే ముందు వీడియోను పిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే గ్రహాన్ని మధ్యకు తెచ్చి ఏవీఐగా మార్చి ఇస్తుంది, చివర్లో రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్ అనే, వివరాలకు పదును పెట్టే స్లైడర్లు కొంచెం కదిపితే వలయం తేలుతుంది. మూడూ ఉచితమే, విండోస్ కంప్యూటర్ కావాలి. పిప్ మీ వీడియోను తెరవనంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వీడియో ఫార్మాట్‌ను హెచ్.264కి మార్చి మళ్లీ తీయండి. మొదట్లో పది శాతం ఫ్రేములే ఉంచండి. స్లైడర్లు మరీ లాగితే శని ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది (నా పాత ఫొటోలన్నీ అలాంటివే).

మౌంట్‌కి (టెలిస్కోపును మోసే స్టాండుకి) మోటారు లేకపోయినా పర్లేదు. 10 ఎంఎం ఐపీస్‌లో శని ఈ అంచు నుంచి ఆ అంచుకి నడవడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతుంది, నడవనివ్వండి. గురుగ్రహానికైతే వీడియో రెండు మూడు నిమిషాలు దాటించకండి. అది పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది, వీడియో పొడవైతే పట్టీలు అలికినట్టవుతాయి.

మేడ గురించి ఒక మాట. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని వదులుతూనే ఉంటుంది, సాయంత్రం ఏడింటికి ఎంత మంచి టెలిస్కోపుకైనా బొమ్మ ఉడుకుతున్నట్టే ఉంటుంది. టెలిస్కోపును గంట ముందే బయటపెట్టి, శని బాగా పైకి వచ్చాక చూడండి. వలయం సన్నగా ఉందని కంగారు పడకండి, 2025 మార్చిలో దాని అంచు సరిగ్గా మనవైపు తిరిగింది, ఇప్పుడు ఏటా కొంచెం కొంచెం విప్పుకుంటోంది. మా ఇంట్లో శనిని చూపిస్తా రండి అంటే మా అత్తగారు శనివారం పూట ఏం చూస్తాంలే అని మెట్ల దగ్గరే ఆగిపోయారు.

మోటారు ఉన్న ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం తిరిగినట్టే తిరిగే స్టాండు), డీఎస్ఎల్ఆర్ ఉన్నాయి. 30 సెకన్లు తీస్తే నక్షత్రాలు గీతలవుతున్నాయి. మౌంట్ అక్షాన్ని ధ్రువ నక్షత్రానికి సరిచూద్దామంటే పక్క అపార్ట్‌మెంట్ అడ్డం. (విశాఖపట్నం)

యూట్యూబ్ పాఠాలు ఎక్కువగా 40, 50 డిగ్రీల అక్షాంశంలో ఉన్నవాళ్లు చేసినవి, వాళ్లకు ధ్రువ నక్షత్రం నడినెత్తికి సగం దూరంలో ఉంటుంది. ఎంత అక్షాంశమో ఆ నక్షత్రం అంతే ఎత్తు. విశాఖలో 17.7 డిగ్రీలు, అంటే చాచిన చేతి పిడికిళ్లు రెండు కూడా లేవు. ఎవరి వాటర్ ట్యాంకైనా చాలు మూసేయడానికి. ముందు మౌంట్ స్కేలు మీద 17.7 పెట్టండి. అంత కిందికి వంచితే కొన్ని మౌంట్లకు బరువు కడ్డీ ముందు కాలికి తగులుతుంది, చూసుకోండి. ఉత్తరానికి దిక్సూచి చాలు, మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, కాకపోతే ఇనుప స్టాండుకి దూరంగా జరిగి చూడాలి. కెమెరా ల్యాప్‌టాప్‌కి కలిపే ఉంటే నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ ప్లగిన్ ఉంది, మౌంట్ అక్షం ఎంత తప్పిందో అది చెబుతుంది, ఆకాశంలో ఏ మూల కనబడినా దానితో పని జరుగుతుంది.

అప్పటికీ 30 సెకన్ల పట్టుదల ఎందుకు? భూమి తిరుగుడు వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3,600వ వంతు) జరుగుతుంది, శని బింబం వెడల్పుకి కాస్త తక్కువ, మౌంట్ దాన్ని కచ్చితంగా వెంబడించాలి. మామూలు మౌంట్‌కి అది కష్టం. 10 సెకన్లవి 200 తీయండి, సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేర్చండి, ఇదీ ఉచితమే, మ్యాక్‌లో కూడా నడుస్తుంది. 100 ఫ్రేములు పేరిస్తే నాయిస్ (ఫొటోలో కనబడే గరుకు) పదో వంతుకు తగ్గుతుంది. మూత పెట్టి ఓ 20 డార్కులు (సెన్సర్ లోపాలను తీసేయడానికి పనికొచ్చే నల్ల ఫొటోలు) అదే రాత్రి తీసుకోండి, వేసవిలో సెన్సర్ వేడెక్కి ఎర్ర చుక్కలు వస్తాయి. ఫ్లాట్లకు (అంచుల నీడనీ దుమ్ము మచ్చల్నీ తీసేయడానికి పనికొచ్చే తెల్ల ఫొటోలకు) ట్యూబు మూతి మీద తెల్ల పంచె బిగుతుగా కట్టి తెల్లవారుజాము ఆకాశానికి చూపిస్తే సరి. సిటీ వెలుతురు నక్షత్రాల ఫొటోలకు మాత్రం నిజంగానే అడ్డు. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉన్న రోజుల్లో అక్కడి నుంచే గాజు ప్లేట్ల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి లక్షల నక్షత్రాల స్థానాలు అంతర్జాతీయ పట్టికకు పంపారు, ఇప్పుడక్కడ నిలబడి పిల్లలకోడిలో (కృత్తికల్లో) ఆరు చుక్కలు లెక్కపెట్టగలిగితే గొప్ప.

డీఎస్ఎల్ఆర్ టెలిస్కోపుకి తగిలిస్తే ఎంత తిప్పినా ఫోకస్ రావడం లేదు. (నెల్లూరు)

మీది రిఫ్లెక్టర్ అయ్యుండాలి. కెమెరా సెన్సర్ లోపలికి ఉంటుంది, ఫోకసర్ ట్యూబువైపు అంత లోపలికి వెళ్లదు. మధ్యలో బార్లో లెన్స్ పెట్టండి, ఫోకస్ బయటికి జరుగుతుంది. బొమ్మ పెద్దదవుతుంది, మసకా అవుతుంది, చంద్రుడికి ఇబ్బంది లేదు.

కరీంనగర్‌లో ఉన్న నాన్నగారికి జూలైలో వస్తూ సీస్టార్ ఎస్50 (ఫోన్‌తో నడిచే ఆటోమేటిక్ టెలిస్కోపు) తేనా? ఆయనకు 70 దాటాయి. (డల్లాస్)

తీసుకురండి. ఆయనకు ఆటోస్టాకర్ట్ నేర్పించడం కన్నా ఇది నయం. ఫోన్‌లో ఓరియన్ నెబ్యులా అని నొక్కితే తనే వెతుక్కుని, తనే తీసి, తనే పేర్చుకుంటుంది, పావుగంటలో రంగు కనబడుతుంది. లెన్స్ 50 ఎంఎం, ఫోకల్ లెంత్ 250 కాబట్టి గ్రహాలు మాత్రం చుక్కలే, ఆ ఆశ ముందే వదిలించండి. సూర్యుడిని చూడాలంటే దానితో వచ్చే ఫిల్టరు ముందు తగిలించాకే. అయితే జూలై అంటే ఇక్కడ వానాకాలం, మీరున్న మూడు వారాల్లో ఒక్క రాత్రి తెరిపిచ్చినా అదృష్టమే. జనవరిలో వచ్చే వీలుంటే అప్పుడే తెండి, లేదంటే డబ్బాలో సిలికా జెల్ సంచులు రెండు ఎక్కువ పడేసి ఇచ్చి వెళ్లండి.