అమ్మాయి రేడియేషన్ మోడలింగ్ చేస్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. వ్యోమనౌక లోపల మనుషులకు తగిలే రేడియేషన్‌ను కంప్యూటర్‌లో లెక్కగట్టే రంగంలోకి వెళ్తానంటోంది. ఆరోగ్యం పాడవుతుందేమోనని మా భయం. పంపితే ఫిజిక్స్ పీజీ మేలా, స్పేస్ టెక్నాలజీ కోర్సా?
– ఒక తండ్రి

జవాబు: ముందు భయం సంగతి. మీ అమ్మాయి కూర్చునేది కంప్యూటర్ ముందు. నౌక గోడలు, సీట్లు, నీళ్ల ట్యాంకులు, మనిషి ఒళ్లు అన్నీ త్రీడీలో పెట్టి, వాటి మీదికి లక్షల రేడియేషన్ కణాలను వదిలి, ఏది ఎక్కడ ఎంత శక్తి దింపిందో లెక్కేస్తారు. డిటెక్టర్ పరీక్షలకు ఎప్పుడైనా ల్యాబ్‌కు వెళ్లినా తగిలిన రేడియేషన్ మోతాదును (డోసును) కొలిచే బ్యాడ్జి ఒంటి మీదే ఉంటుంది.

గోడ మందం పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలు గోడలోని అల్యూమినియాన్ని ఢీకొట్టి కొత్తగా న్యూట్రాన్లను పుట్టిస్తాయి. అందుకే హైడ్రోజన్ ఎక్కువుండే పాలిథిన్, నీళ్లు మేలు. 2022లో నాసా మనుషుల్లేకుండా చంద్రుడి వైపు పంపిన ఆర్టెమిస్ 1 యాత్రలో ఓరియన్ నౌకలో హెల్గా, జోహర్ అనే రెండు ఆడ బొమ్మలను పంపారు. రక్షణ జాకెట్ జోహర్‌కే వేశారు. ఆ నౌక భూమి చుట్టూ ప్రోటాన్లు నిండి ఉండే పట్టీని (ప్రోటాన్ బెల్టును) దాటుతున్నప్పుడు లోపల చోటుకీ చోటుకీ డోసులో నాలుగు రెట్ల దాకా తేడా కనిపించింది.

ఆ తేడాను రంగుల్లో చూపించడమే విజువలైజేషన్. స్కేలు గరిష్ఠ విలువ పెంచితే ఎర్రగా ఉన్న బెర్తు పచ్చబడుతుంది, డోసు మాత్రం అంతే ఉంటుంది. నాసా వ్యోమగామికి ఉద్యోగ జీవితం మొత్తానికి పెట్టిన డోసు పరిమితి 600 మిల్లీసీవర్టులు (డోసును కొలిచే యూనిట్). అందుకే ఆ బెర్తులో పడుకునే మనిషికి ఈ రంగు నిజం చెప్పడం ముఖ్యం.

'స్పేస్' అన్న పేరు చూసి చేరి, రెండేళ్ల తర్వాత దిగాలుగా నా దగ్గరికొచ్చే పిల్లలు ఏటా ఉంటారు. ఆ కోర్సు సిలబస్ తెరవండి. మాంటె కార్లో (యాదృచ్ఛిక సంఖ్యలతో కణాల దారిని లెక్కగట్టే పద్ధతి), న్యూక్లియర్ ఫిజిక్స్, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌కు ఎన్ని గంటలిచ్చారో లెక్కపెట్టండి. అన్నీ తలా కాస్త ఉంటే వద్దు. నా ఓటు ఫిజిక్స్ పీజీకే. వ్యోమనౌకల ఉద్యోగాలు తక్కువే, నిజం. కానీ ఇవే లెక్కలు క్యాన్సర్ రేడియోథెరపీలో, అణు రియాక్టర్ల షీల్డింగ్‌లో (రేడియేషన్‌ను అడ్డుకునే కవచాల్లో), ఉపగ్రహాల చిప్‌ల పరీక్షల్లోనూ కావాలి. ఆమె రోడ్డున పడదు.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో మీ భయముంది, మీ లెక్కలున్నాయి. ఆమెకు ఇది ఎందుకు నచ్చిందన్నది ఒక్క వాక్యం కూడా లేదు. అడిగారా అసలు?

ఇలా కణాలను వదిలి లెక్కేసే జియాంట్4 సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈ సెలవుల్లో ఒక అల్యూమినియం పలక మీదికి ప్రోటాన్లను వదిలి, మందం పెంచేకొద్దీ వెనకనుంచి వచ్చే న్యూట్రాన్లు ఎలా మారుతున్నాయో గ్రాఫు గీయమనండి. దాన్ని మీకు విడమరచి చెప్పమనండి. ఆ అరగంట ఫోను పక్కనపెట్టి వినండి.