పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు చివర ఉన్న డేటాను రెండోసారి చదివితే ఏమీ రాదెందుకు?

మొదటిసారి చదివే లూపు పూర్తయ్యేసరికి, ఆ డేటాను చదవడానికి పెర్ల్ ఇచ్చే డేటా హ్యాండిల్ ఫైలు చివరికి చేరిపోతుంది కాబట్టి. మళ్లీ చదవాలంటే, మొదటి లైను చదవకముందే ఫైల్లో ఎక్కడున్నామో చెప్పే టెల్ ఫంక్షన్‌తో స్థానం దాచుకుని, తర్వాత అడిగిన చోటికి తీసుకెళ్లే సీక్ ఫంక్షన్‌తో అక్కడికే వెళ్లాలి.

డేటా అనేది విడి ఫైలు కాదు. పెర్ల్ మీ స్క్రిప్టునే తెరిచి, పైనుంచి చదువుకుంటూ, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో డేటా అని రాసిన లైను దగ్గర ఆగుతుంది. ఆ ఫైలును మూయకుండా, ఆగినచోటు నుంచే చదువుకోమని మీ చేతికిస్తుంది.

ఉదాహరణకు, ఆ గుర్తు కింద విశాఖ బస్‌స్టాపులు లైనుకొకటి ఉన్నాయనుకోండి: గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ. మొదటి లూపు వాటిని లెక్కపెట్టింది. పేర్లు ప్రింట్ చేయాల్సిన రెండో లూపు ఒక్క పేరూ ఇవ్వదు. ఎర్రర్ కూడా రాదు, అసలు టెన్షన్ అక్కడే.

చాలామంది సీక్‌కు సున్నా ఇస్తే డేటా మొదటికి వెళ్తుందనుకుంటారు. సున్నా అంటే ఫైలు మొదలు. అందుకే గాజువాక కంటే ముందు స్క్రిప్టు పైన రాసే యూజ్ స్ట్రిక్ట్ లైను దగ్గర్నుంచి మీ కోడంతా ప్రింట్ అవుతుంది. పైగా, సీక్ చేసినా డాలర్-చుక్క వేరియబుల్‌లోని లైను నంబరు ఒకటికి తిరిగి రాదు. కావాలంటే మీరే మార్చుకోవాలి.

ఇంత చిన్న జాబితాకైతే టెల్, సీక్ కూడా అనవసరం. లైన్లన్నీ ఒకేసారి ఒక అర్రేలోకి, అంటే మెమరీలో ఉండే వరుస జాబితాలోకి, తీసుకోండి, తర్వాత ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చు.