గెలుపు లేకపోయినా ఆటేనా?
గేమ్ డిజైనర్‌తో పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మా బాబుకి పదకొండేళ్లు. ఫోన్‌లో టౌన్‌స్కేపర్ అని ఒకటి పెట్టుకుని నీళ్ల మీద ఇళ్లు కడుతూ కూర్చుంటాడు. పాయింట్లు లేవు, లెవెల్స్ లేవు, గెలవడమూ ఓడడమూ లేదు. ఇలాంటిది ఎవరు చేశారు? ఎందుకు చేశారు మేడమ్?
— ఒక అమ్మ, నిజామాబాద్

చేసినాయన పేరు ఆస్కర్ స్టాల్‌బెర్గ్, స్వీడన్ దేశస్థుడు. 2021లో పూర్తిగా విడుదల చేశాడు. ఇది గేమ్ కన్నా ఆటబొమ్మకే దగ్గర అని ఆయనే చెబుతాడు. ముంజలు తినేసి ఆ కాయలతో బండి చేసుకుని తిరిగే పిల్లల్ని మన ఊళ్లలో ఎవరైనా స్కోరెంత అని అడిగారా? ఇదీ అలాంటిదే.

ఒక సాయంత్రం బాబు పక్కన కూర్చుని చూడండి. నీళ్ల మీద నొక్కితే చిన్న చప్పుడుతో రాతి గట్టు లేస్తుంది. మళ్లీ అక్కడే నొక్కితే దాని మీద ఇల్లు వస్తుంది. చుట్టూ ఇళ్లు కట్టి మధ్యలో జాగా వదిలితే అది తోటగా మారుతుంది. కింది అంతస్తు తీసేస్తే పైది కూలదు, దాని కింద స్తంభాలు వస్తాయి. ఇవేవీ ఎక్కడా రాసి ఉండవు. చేసి చూసి కనుక్కోవాలి. మీవాడు అలా కూర్చుని చేస్తున్నది అదే.

దాని లోపల చాలా పని జరుగుతుంది. మీరు నొక్కిన ప్రతిసారీ ప్రోగ్రామ్ చుట్టుపక్కల ఏముందో చూసుకుని, ఏ ముక్క పక్కన ఏ ముక్క ఇముడుతుందో తేల్చుకుని, కిటికీలు, మెట్లు, కప్పు పేరుస్తుంది. ఈ పద్ధతిని వేవ్ ఫంక్షన్ కొలాప్స్ అంటారు. పిల్లాడు ఎక్కడ నొక్కినా ఊరు అందంగానే వస్తుంది. అలా రావడానికి పడ్డ శ్రమంతా తెర వెనకే ఉండిపోయింది. ఒక డిజైనర్‌గా నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇలాంటివి కొత్తగా పుట్టినవీ కావు. విల్ రైట్ అనే అమెరికన్ 1984లో హెలికాప్టర్‌తో బాంబులు వేసే గేమ్ ఒకటి చేశాడు. బాంబులు వెయ్యడం కన్నా, ఆ గేమ్ కోసం దీవులు కట్టడమే ఆయనకు ఎక్కువ సరదాగా అనిపించింది. అందులోంచే 1989లో నగరం కట్టే గేమ్ సిమ్‌సిటీ వచ్చింది. దాన్ని కూడా ఆయన ఆటబొమ్మ అనే అనేవాడు.

నాకు టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయమ్మా. ఈరోజు తెరవకపోతే నీ బహుమతి పోతుందని పిల్లల్ని బెదిరించే ఉచిత గేమ్‌లు అవి. టౌన్‌స్కేపర్‌కి ఒకసారి డబ్బు కడితే సరి, రమ్మని మళ్లీ పిలవదు. బాబుని ఎంత కట్టావని అడక్కండి. ఇది తీసేస్తే ఏమవుతుందిరా అని అడిగి చూడండి.

అన్‌టైటిల్డ్ గూస్ గేమ్ గురించి మా హాస్టల్లో అందరూ చెబుతుంటారు. ఒక బాతు ఊళ్లోవాళ్లని ఏడిపించడమే కదా, అంత గొప్ప ఏముంది?
— ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

ఆ బాతు అరవడానికి ఒక బటన్ ఉంది. అంత గొప్పా అక్కడే ఉంది!

మెల్‌బోర్న్‌లో నలుగురు కలిసి నడిపే హౌస్ హౌస్ అనే చిన్న సంస్థ 2019లో దీన్ని విడుదల చేసింది. తోటమాలి తాళాలు కొట్టెయ్, అతని రేక్‌ని చెరువులో పడెయ్ అంటూ పనుల జాబితా ఒకటి ఇస్తారు. మనకి పనులు గుర్తుండవు, అరుపే గుర్తుంటుంది. అవసరం ఉన్నా లేకున్నా, ఎప్పుడు నొక్కినా బాతు అరుస్తుంది. ముక్కుతో హార్మోనికా (మౌత్ ఆర్గాన్) పట్టుకుని అరిస్తే హార్మోనికా శబ్దమే వస్తుంది. ఆ హార్మోనికా లేకపోయినా గేమ్ పూర్తవుతుంది. ఎవరో ఒక ఆటగాడు సరదాకి అలా చేసి చూస్తాడని ముందే ఊహించి, అతని కోసం పెట్టారు. ఆటగాడి మీద ఆ ప్రేమ ఉన్నవాళ్లే నా దృష్టిలో మంచి డిజైనర్లు. సంగీతం కూడా అంతే. ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీ పియానో ముక్కల్ని చిన్న చిన్న తునకలు చేసి, బాతు పొంచి ఉన్నప్పుడు ఒకలా, ఎవరైనా తరిమినప్పుడు ఒకలా వినిపిస్తారు.

సొంతంగా ఒక గేమ్ చెయ్యాలని ఉంది. కథ రాసుకున్నాను, 40 లెవెల్స్ నోట్‌బుక్‌లో గీసుకున్నాను. ఇక కోడింగ్ మొదలుపెట్టమంటారా?
— వరంగల్ నుంచి ఒకరు

నోట్‌బుక్ భద్రంగా దాచండి. ముందు ఒకే ఒక్క కదలిక తయారు చెయ్యండి. మీ హీరో గెంతుతాడా? బొమ్మలూ కథా ఏమీ లేని తెర మీద ఒక బూడిదరంగు పెట్టె గెంతాలి, అంతే. ఆ గెంతు ఒక్కటే పది నిమిషాలు ఆడబుద్ధయ్యేదాకా లెవెల్స్ జోలికి పోకండి.

నేను అలాంటి పెట్టెని మా అక్క కూతురి చేతికిచ్చి పక్కన కూర్చుంటాను. బాగుందా అని అడగను, పిల్లలు మొహమాటానికి బాగుందనే అంటారు. ఫోన్ ఇటివ్వమన్నప్పుడు "ఒక్క నిమిషం పిన్నీ" అంటే పని ముందుకు సాగుతుంది. వెంటనే ఇచ్చేస్తే ఆ గెంతు మళ్లీ మొదటి నుంచి చేస్తాను.

కైటా తకహాషి గేమ్ కటమారి డమాసీ ఆడి చూడండి, 2004లో నామ్కో అనే జపాన్ సంస్థ తెచ్చింది. శిల్పకళ చదువుకున్న మనిషి ఆయన. బంకలాంటి బంతిని దొర్లిస్తుంటే మొదట చిన్న చిన్న సామాన్లు అంటుకుంటాయి, తర్వాత ఆవులు, మనుషులు, చివరికి భవనాలు. రాజుగారి కథ ఒకటి ఉంది కానీ, అది తీసేసినా దొర్లించడం మానం.

పక్కన తిప్పే హ్యాండిల్ ఉన్న ప్లేడేట్ అనే చేతి గేమ్ పరికరం కొనొచ్చా?
— నెల్లూరు

మన దగ్గరికి తెప్పించుకోవాలంటే ఖర్చు. నలుపు తెలుపు తెర, దానికి వెనక లైటు కూడా ఉండదు. చేతితో తిప్పి ఆడటం అంటే నాలాగా మీకూ పిచ్చి ఉంటే మాత్రం కొనండి. కటమారి చేసిన తకహాషీయే దీనికీ ఒక గేమ్ చేశాడు. హ్యాండిల్ తిప్పితే అందులోని బొమ్మకి కాలం ముందుకో వెనక్కో జరుగుతుంది.

మాది ఏటికొప్పాక దగ్గర. మన లక్క బొమ్మల్ని గేమ్‌లో పెట్టాలని నేనూ నా ఫ్రెండూ అనుకుంటున్నాం. సలహా ఇవ్వండి అక్కా.
— అనకాపల్లి జిల్లా

చాలా సంతోషం తమ్ముడూ. ఒక్క మాట. ఆ బొమ్మల ఫొటోలు తీసి తెర మీద అతికించకండి. 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక వాటి ఫొటోలకి కొరత లేదు. గేమ్‌లోకి రావలసింది అవి తయారయ్యే తీరు. అంకుడు కర్ర మరమీద గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్కని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఎంత నొక్కాలి, ఎంతసేపు ఆనించాలి అన్నది కళాకారుడి చేతికే తెలుసు. ఫోన్ తెర మీద వేలు ఆనించి చెయ్యడానికి ఇంతకన్నా మంచి పని నాకు తోచడం లేదు. గట్టిగా నొక్కితే రంగు దళసరిగా, తేలిగ్గా ఆనిస్తే పలచగా రావాలి. రెండు రంగులు కలిసే అంచు ఎవరి వేలికి వాళ్లది వేరుగా పడాలి.

మరమీద తయారైన బొంగరం తెర మీద తిరగాలి కూడా. దానికోసం ముందు అసలు బొంగరం ఒకటి కొనుక్కుని తిప్పి, వీడియో తీసుకోండి. వేగం తగ్గేకొద్దీ తల ఎంత వాలుతోంది, ఆగే ముందు ఎటు దొర్లుతోంది, గచ్చు మీద చప్పుడెలా ఉంది, మట్టి మీద ఎలా ఉంది అన్నీ రాసుకోండి. స్కోరు పెట్టాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచిద్దాం. కళాకారులకి చెప్పి, వాళ్ల పేర్లు వేసి, వచ్చేదాంట్లో వాటా ఎంతో మొదటి రోజే మాట్లాడుకోండి. లక్క ఆనించే ముక్క ఒక్కటి సిద్ధమైనా చాలు, పంపండి. ఆడి చూసి వచ్చే సంచికలో రాస్తాను.