ఒమేగా సెంటారీ మా మేడ మీద నుంచి కనిపిస్తుందా?

ప్రశ్న: ఇటీవల ఆరంగుళాల టెలిస్కోపు కొన్నాను. దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1200 మి.మీ. ఏప్రిల్ నడుమ మూడు రాత్రులు ఎనిమిది నుంచి తొమ్మిది గంటల వరకు ఒమేగా సెంటారీ కోసం మేడ మీద వెతికాను గాని దొరకలేదు. ఏ రాత్రి, ఏ వేళకు చూడాలో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ టెలిస్కోపులో లోపమేమీ లేదు, మీరు చూసిన వేళే కుదరలేదు. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలోని ఈ గోళాకార నక్షత్రగుచ్ఛం ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా ఎగువన ఆకాశంలో ఊహించుకునే రేఖకు, 47.5 డిగ్రీలు దక్షిణాన ఉంది. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు కనుక, 90లోంచి ఆ రెండూ తీసివేస్తే మిగిలే 26 డిగ్రీలే మీ ఊళ్లో అది చేరగల గరిష్ఠ ఎత్తు. మీరు వెతకడం మొదలుపెట్టినప్పుడు అది క్షితిజానికి ఏడు డిగ్రీల ఎత్తులో, మీరు మానుకునేసరికి పద్నాలుగు డిగ్రీల ఎత్తులో ఉంది. క్షితిజానికి అంత దగ్గర ఉండే దుమ్ములో, నగరపు వెలుతురులో అది కనబడకపోవడం సహజమే.

ఈ లెక్కలన్నీ చేసిపెట్టడానికి స్టెల్లేరియం చాలు. ఫ్రాన్స్‌కు చెందిన ఫేబియన్ షెరో 2000లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందుగా ఎఫ్6 నొక్కి మీ ఊరిని ఎంచుకోండి. ఇది మరచిపోయి వేరే ఊరి ఆకాశాన్ని చూస్తూ తికమకపడేవారు చాలామంది ఉన్నారు. తరువాత ఎఫ్10 నొక్కితే వచ్చే ఖగోళ గణనల కిటికీలో, ఎంచుకున్న వస్తువు ఎత్తు గంటగంటకూ ఎలా మారుతుందో గ్రాఫు కనిపిస్తుంది. నా దృష్టిలో ఆ సాఫ్ట్‌వేర్ మొత్తంలో పరిశీలకుడికి అన్నిటికన్నా ఉపయోగపడేది ఆ ఒక్క గీతే. ఏప్రిల్ 15న అర్ధరాత్రికి శిఖరాన్ని తాకే ఆ గీత, రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతూ, మే 15 నాటికి రాత్రి పది గంటలకే శిఖరానికి చేరుతుంది. ఆక్యులర్స్ అనే ప్లగిన్‌లో (సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే అదనపు భాగంలో) మీ టెలిస్కోపు, ఐపీస్‌ల (కన్ను ఆనించి చూసే కటకాల) కొలతలు ఇస్తే, 25 మి.మీ. ఐపీస్‌లో కనిపించే దాదాపు ఒక డిగ్రీ వృత్తంలో గుచ్ఛం చక్కగా ఇముడుతుందనీ, 10 మి.మీ. ఐపీస్‌లో దాని అంచులు బయటికి పోతాయనీ ముందే తెలుస్తుంది.

అయితే మీ దక్షిణాన ఉన్న ఇల్లు ఎంత ఎత్తో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పగటిపూట మేడ మీద టెలిస్కోపు పెట్టే చోటనే నిలబడి, చేయి పూర్తిగా చాచి, పిడికిలిని క్షితిజం మీద ఆనించి చూడండి. ఒక పిడికిలి సుమారు పది డిగ్రీలు. ఒకదాని మీద ఒకటిగా రెండు పిడికిళ్లు పెట్టాక కూడా ఎదుటి ఇంటి నీళ్ల ట్యాంకు అడ్డు వస్తే, ఆ మేడను వదిలి దక్షిణం తెరిపిగా ఉన్న పొలంగట్టుకో, కృష్ణ ఒడ్డుకో వెళ్లడం మేలు.

ఇక తిథి సంగతి పంచాంగంలోనూ ఉంటుంది. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులు మంచివి. జూన్ నడుమకు ఈ గుచ్ఛం రాత్రి ఎనిమిదికే, సంధ్య వెలుగు పూర్తిగా పోకముందే శిఖరానికి చేరుతుంది, పైగా రుతుపవన మేఘాలు కమ్ముకుంటాయి కనుక, మే నెల అమావాస్యను మాత్రం వదులుకోకండి.