వేగుచుక్క గ్రహమైతే చుక్క అనకూడదా?

సందేహం: నరసన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. వేగుచుక్క నిజానికి శుక్రగ్రహమని, సూర్యుడు నక్షత్రమని పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, “గ్రహమైతే మా మామ్మ చుక్క అని ఎందుకంటాది సార్? నవగ్రహాల్లో సూర్యుడు ఉన్నాడు కదా, నక్షత్రం ఎలాగవుతాడు?” అంది. ‘అలా అనడం తప్పమ్మా’ అని కూర్చోబెట్టాను గానీ నాకే మనసొప్పలేదు. ఆ మాటలు నిజంగా తప్పులేనా?

సమాధానం: తప్పులు కావు మాస్టారూ. రేపు ఆ అమ్మాయిని మళ్లీ లేపి, మంచి ప్రశ్న అడిగావని అందరి ముందూ చెప్పండి.

చుక్క అచ్చతెలుగు మాట. ముగ్గుకి పెట్టేదీ చుక్కే, చూరు నుంచి జారే వాననీరూ చుక్కే, పెళ్లికూతురి బుగ్గన పెట్టేదీ చుక్కే. చిన్నగా, గుండ్రంగా కంటికి ఆనితే చాలు. సొంతంగా వెలుగుతోందా లేదా అన్న లెక్క ఆ మాటలో లేదు. అందుకే తోకచుక్క అన్నాం. అది మంచు, దుమ్ము కలిసిన ముద్ద. చుక్క రాలింది అంటాం. అది పైనుంచి దూసుకొచ్చి, ఇంచుమించు వంద కిలోమీటర్ల ఎత్తున గాలిలో మండిపోయే రాతి నలుసు. వేగుచుక్కేమో గ్రహం. మూడింటిలో ఒక్కటీ నక్షత్రం కాదు, మూడూ చుక్కలే. చుక్క అంటే నక్షత్రం అని ఒక్క అర్థమే పిల్లలకు నేర్పడం వల్ల వచ్చింది ఈ చిక్కు.

బొబ్బిలి దగ్గర మా ఊళ్లో ఉడుపుల రోజుల్లో మా మామ్మ వాకిట్లో నిలబడి “వేగుచుక్క పొడిచింది, లెగండర్రా” అని కేకేసేది. పొడవడం ఎంత చక్కని క్రియ! పొద్దూ పొడుస్తుంది, చుక్కా పొడుస్తుంది. వేగడం అంటే తెల్లవారడం. వేకువ, వేగుజాము ఆ కుటుంబంలోవే. కాబట్టి శుక్రుడు తెల్లవారుజామున తూర్పున కనిపించే నెలల్లోనే ఆ పేరు చెల్లుతుంది. తర్వాత అదే గ్రహం సాయంత్రం పడమటికి చేరుతుంది. అప్పుడు కూడా వేగుచుక్క అని రాస్తే నేను ఒప్పుకోను.

ఇక గ్రహం. సంస్కృతంలో గ్రహ్ ధాతువుకు పట్టుకోవడమని అర్థం. గ్రహణం ‘పట్టింది’ అని మనం అనడంలో ఆ అర్థమే తెలుగులో పలుకుతోంది. చుక్కల నడుమ రోజురోజుకీ చోటు మారేవాటన్నిటినీ పూర్వులు గ్రహాలన్నారు. ఆ లెక్కన సూర్యచంద్రులూ చేరారు. వారాల పేర్లు చూడండి, ఆదివారం నుంచి శనివారం దాకా ఆ ఏడే. రాహుకేతువులు వస్తువులే కావు, చంద్రుడి దారీ సూర్యుడి దారీ కలుసుకునే రెండు చోట్లు. గ్రహణాలు పట్టేది వాటి దగ్గరే.

మీ అరసవల్లిలోనే చూడండి. మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఉదయపు కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి మళ్లుతూ ఒకసారి సూర్యుడు దాదాపు ఒకేచోట ఉదయించడమే కారణం. నిజానికి తిరిగేది భూమి. అయినా ‘సూర్యుడు ఉత్తరానికి వెళ్లాడు’ అంటే ఎవరూ తప్పుపట్టరు. ఆయన్ని గ్రహమన్నదీ ఆ చూపుతోనే.

నక్షత్రానికీ రెండర్థాలున్నాయి. సైన్సులో ఒక్కో వెలుగుముద్ద. పంచాంగంలో ఆకాశాన్ని ఇరవైఏడు వాటాలు చేస్తే అందులో ఒకటి. కృత్తిక ఒక్క తార కాదు, గుంపు. ‘పిల్లలకోడి’ అన్న పల్లె పేరే దానికి బాగా అతికింది.

ఒక్కచోట మాత్రం గట్టిగా ఉండండి. ప్లూటోని 1930లో కనుగొన్నాక 2006 దాకా గ్రహాలు తొమ్మిదని చదువుకున్నాం. ఇక్కడా తొమ్మిది, అక్కడా తొమ్మిది కావడంతో ‘సౌరకుటుంబంలోని నవగ్రహాలు’ అని రాసేయడం అలవాటైంది. ఇది పొరపాటు. నవగ్రహాల్లో భూమి లేదు, యురేనస్, నెప్ట్యూన్ లేవు. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి కొత్త నిర్వచనం ఇచ్చాక సైన్సు లెక్క ఎనిమిదికి దిగింది, నవగ్రహాలు తొమ్మిదిగానే ఉన్నాయి. పరీక్షలో ‘ఎనిమిది గ్రహాలు’ అనే రాయించండి. వేగుచుక్క అని రాసిన పిల్లలకు మాత్రం మార్కు తగ్గించకండి, పక్కన శుక్రగ్రహం అని కలిపి రాయమంటే చాలు.