ఒక మోకాలికి మూడు ధరలు

ప్రశ్న: మాది చిత్తూరు. శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తాను, నెలకు 46 వేలు చేతికొస్తాయి. అమ్మకు 69 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ముందు కుడివైపు మార్చాలన్నారు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 1.90 లక్షలు, వేలూరు వైపు 2.30 లక్షలు, చెన్నైలో రోబోతో అయితే 3.40 లక్షలు అన్నారు. నా దగ్గర 2 లక్షల ఎఫ్‌డీ, ఇంకా 11 నెలలు కట్టాల్సిన 3 లక్షల చీటీ, ఇంట్లో కొంచెం బంగారం ఉన్నాయి. తక్కువ ధరకు వెళ్తే నాసిరకం కీలు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. పర్సనల్ లోన్ తీసుకుని చెన్నైకే వెళ్లాలా?

జవాబు: లోన్ తీసుకుని మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను.

కీలు ధరను ఆసుపత్రి తన ఇష్టం వచ్చినట్టు పెట్టలేదు. 2017 ఆగస్టులో ఎన్‌పీపీఏ, అంటే మందుల ధరలను అదుపు చేసే కేంద్ర సంస్థ, మోకీలు ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. ఎక్కువ మందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకం పూర్తి సెట్టుకు 54,720 రూపాయలు, టైటానియం లేదా ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకానికి 76,600. జీఎస్టీ అదనం. అంతకుముందు మొదటి రకానికే సగటున లక్షన్నర దాటి వసూలు చేసేవారు. ఈ అంకెలను తర్వాత కొద్దిగా సవరించారు కానీ, పరిమితి దేశమంతటికీ ఒకటే. చిత్తూరు దాటి తమిళనాడులోకి వెళ్లినంత మాత్రాన కీలు ఖరీదు పెరగదు.

ఇప్పుడు మీ మూడు ధరలు మళ్లీ చూడండి. తిరుపతికీ చెన్నైకీ తేడా లక్షన్నర. ఆ రెండు రకాల కీళ్ల మధ్య తేడా సుమారు 22 వేలు. మిగిలినదంతా గది, సర్జన్ ఫీజు, థియేటర్, రోబో. రోబో వల్ల మీ అమ్మగారికి ప్రత్యేకంగా ఏం మేలు జరుగుతుందో డాక్టర్‌నే అడగండి, అది నా పరిధి కాదు. అప్పు చేసి మరీ కొనాల్సిన సౌకర్యమా అంటే మాత్రం, కాదనే అంటాను.

నాకు ఎక్కువ అనుమానం ఆ 1.90 లక్షల మీదే. ప్యాకేజీ అనగానే మనం అన్నీ కలిపే అనుకుంటాం. మా పిన్ని ఆపరేషన్‌కు నేనూ అలాగే అనుకున్నాను. 1.75 లక్షలన్నారు, డిశ్చార్జ్ రోజున బిల్లు 2.20 దాటింది. ఆసుపత్రివాళ్లు మోసం చేయలేదు, ప్యాకేజీ నాలుగు రోజులకే అని కాగితం మీద సన్న అక్షరాల్లో ఉంది. షుగర్ అదుపులోకి రాక పిన్ని ఏడు రోజులు ఉంది. ఊరందరికీ సలహాలు చెప్పేవాణ్ని, ఆ కాగితం చదవలేదు! మీ అమ్మగారికీ షుగర్ ఉంది కాబట్టి ఇదే మొదట అడగండి: ఎన్ని రోజులకు ఈ ధర, ఆ తర్వాత రోజుకు ఎంత? ఆపరేషన్‌కు ముందు పరీక్షలు, గుండె డాక్టర్ ఫిట్‌నెస్, ఐసీయూలో ఉంచాల్సి వస్తే ఆ రోజు ఖర్చు, రక్తం, మందులు, ఫిజియోథెరపీ లోపలా బయటా? ఏ కంపెనీ కీలు, ఏ రకం? ఇదంతా కాగితం మీద రాయించుకోండి. బిల్లులో ఇంప్లాంటును విడిగా చూపించాలి, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉండాలి. నాసిరకం వేస్తారేమోనన్న మీ భయానికి ఆ బిల్లే మందు.

గది సంగతి చాలామంది పట్టించుకోరు. చాలాచోట్ల గది స్థాయి పెరిగితే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి. రోజు అద్దె 5,000 దాటితే దాని మీద 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, ఐసీయూకి ఇది వర్తించదు. ఇద్దరు ముగ్గురు ఉండే గది చాలు. మన అమ్మలకు పక్క మంచం మీద మాట్లాడేవాళ్లుంటే అదే బలం.

డబ్బు తీయకముందు రెండు తలుపులు తట్టండి. అమ్మానాన్నల బియ్యం కార్డు మీ కుటుంబం నుంచి వేరుగా ఉందా, అందులో ఎవరెవరి పేర్లున్నాయి? నేను జీతగాణ్ని కదా, మాకు ఆరోగ్యశ్రీ ఎందుకొస్తుందని మీరే తీర్మానించుకోకండి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మోకీలు మార్పిడిని ఎక్కడ, ఏ షరతులతో అనుమతిస్తారో నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఈ పథకం అమలయ్యే ఆసుపత్రిలో, మిత్ర కౌంటర్‌లో కార్డు చూపించి అడగండి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్లకే పేరు. అక్కడ ఓపీలో ఒకసారి చూపించకుండా ప్రైవేటుకు అడ్వాన్సు కట్టొద్దు.

ఇంకొకటి, అమ్మగారికి ఆధార్ ప్రకారం 70 ఎప్పుడు నిండుతాయి? 70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల వరకు ఉచిత వైద్యం ఇచ్చే కేంద్రం వారి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబరులో మొదలైంది. మోకాలిది సాధారణంగా రాత్రికి రాత్రి చేయాల్సిన ఆపరేషన్ కాదు. కొన్ని నెలలు ఆగవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఆగలేనంత నొప్పి అయితే కార్డు కోసం కూర్చోబెట్టకండి.

ఇప్పుడు కొత్తగా ఇన్సూరెన్స్ తీసుకుంటే ఈ ఆపరేషన్‌కు అక్కరకు రాదు, కీళ్ల మార్పిడికి చాలా పాలసీల్లో రెండేళ్లు, మూడేళ్లు ఆగాలి. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చే వీలుందా అని హెచ్‌ఆర్‌ని అడగండి. ఉంటే మోకాలికి ఎంత వరకు ఇస్తారో, మన వాటా ఎంతో కూడా చూసుకోండి.

ఇవేవీ కుదరకపోతే తిరుపతిలోనే చేయించండి, చేతిలో 2.40 లక్షలు పెట్టుకుని వెళ్లండి. ప్యాకేజీ పైన ఆ 50 వేలు ఎందుకంటే, ఇంటికొచ్చాక వారాల తరబడి ఫిజియోథెరపీ, వాకర్, మళ్లీ చూపించుకోవడానికి కారు, కింద కూర్చునే బాత్రూమ్ అయితే దాన్ని మార్పించడం ఉంటాయి. ఎఫ్‌డీ ముందే తీస్తే వడ్డీ కాస్త తగ్గుతుంది, పర్వాలేదు. తగ్గిన 40 వేలకు బ్యాంకులోనే బంగారం పెట్టండి. పర్సనల్ లోన్ కన్నా వడ్డీ తక్కువ, చేతికి డబ్బు వచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టుకోవచ్చు.

చీటీ మాత్రం ఇప్పుడు పాడొద్దు. ఇంత ముందే పాడితే తోసుబాటు, అంటే పాటలో వదులుకునే సొమ్ము, ఎక్కువ పోతుంది. 11 నెలలు కట్టేస్తే ఎడమ మోకాలికి అదే ఉంటుంది.