పద్దెనిమిదేళ్ల బాస్కెట్‌బాల్ గార్డుకు యూరప్ ఒప్పందం: విజయవాడ స్థలం అమ్మాలా?

ప్రశ్న: మేము ఇరవయ్యేళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. నా వయసు 48. మా అబ్బాయి హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్నాడు. ఆరడుగుల ఒక అంగుళం ఎత్తు, బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డు (బంతితో జట్టు ఆటను నడిపించేవాడు). మూడేళ్లుగా స్కూలు ప్రధాన జట్టులో ఆడుతున్నాడు. కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ రెండో డివిజన్‌లోని ఒక కళాశాల సగం ఖర్చు భరిస్తామంటోంది. మిగిలిన సగం ఏడాదికి 16,000 డాలర్లు మేము కట్టాలి. ఈలోగా ఒక మధ్యవర్తి కాలేజీ వద్దని, ఒక ఏడాది అకాడమీలో శిక్షణ ఇప్పించి యూరప్‌లో ఆడిస్తానని చెబుతున్నాడు. నెలకు 1,500 యూరోల నికర జీతంతో పది నెలల ఒప్పందం నమూనా కూడా పంపాడు. అకాడమీకి, ప్రయాణాలకు, ఆయన రుసుముకు కలిపి 60,000 డాలర్లు కావాలి. చదువు కోసం పొదుపు చేసే 529 ప్లాన్‌లో 70,000 ఉన్నాయి కానీ వాటిని కదపదలచుకోలేదు. పదవీవిరమణ నిధి 401కె నుంచి తీయమంటారా, మా నాన్నగారి నుంచి సంక్రమించిన విజయవాడ దగ్గరి 300 గజాల స్థలం అమ్మమంటారా?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడిగారు. దానికి ముందు ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోందో చూద్దాం. విదేశీ క్లబ్బు ఒక ఆటగాణ్ని నిజంగా కోరుకున్నప్పుడు జీతం, ఉండడానికి ఫ్లాటు, రానుపోను విమాన టికెట్లు తానే ఇస్తుంది. చాలా ఒప్పందాలలో ఏజెంటు కమిషన్ కూడా క్లబ్బే చెల్లిస్తుంది. ఇక్కడ మాత్రం అరవై వేలూ మీ ఇంటి నుంచే బయలుదేరుతున్నాయి. పైగా ఆ నమూనా ప్రకారం అబ్బాయికి సీజనుకు వచ్చేది 15,000 యూరోలు. అతను తిండికీ బట్టకూ ఒక్క పైసా ఖర్చు పెట్టుకోకపోయినా, మీరు పెట్టింది తిరిగి రావడానికి మూడు నాలుగు సీజన్ల జీతం పడుతుంది. ఆ మధ్యవర్తికి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా ఇచ్చే ఏజెంటు లైసెన్సు ఉందో లేదో మీరు రాయలేదు. మొదట అది అడగండి.

హైస్కూలు నుంచి నేరుగా విదేశాలకు వెళ్లి పైకి వచ్చిన గార్డులు లేరని కాదు. మీ పక్క ఊరు లిటిల్ ఎల్మ్ హైస్కూలులో ఆడిన ఆర్.జె. హాంప్టన్ 2019లో న్యూజిలాండ్ బ్రేకర్స్‌లో చేరి, మరుసటి ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (అమెరికా ప్రధాన లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) 24వ స్థానంలో ఎంపికయ్యాడు. అంతకుముందు 2008లో బ్రాండన్ జెన్నింగ్స్ రోమ్ జట్టుకు ఆడి, 2009లో పదో స్థానంలో ఎంపికయ్యాడు. డాలస్ ప్రాంతం నుంచే వెళ్లిన ఇమాన్యుయేల్ ముడియే 2014లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ జట్టుతో పన్నెండు లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకున్నట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. చీలమండ గాయంతో డజను మ్యాచ్‌లే ఆడినా తరువాతి డ్రాఫ్ట్‌లో ఏడో స్థానం దక్కింది. అయితే ఈ ముగ్గురూ హైస్కూలు ముగిసేనాటికే తమ తరగతిలో దేశంలోని అగ్రశ్రేణి ఆటగాళ్లు. క్లబ్బులే వాళ్లను వెతుక్కుంటూ వచ్చాయి. రెండో డివిజన్ నుంచి సగం స్కాలర్‌షిప్ వచ్చిన అబ్బాయిది చిన్న విజయమేమీ కాదు. హైస్కూలులో ఆడే అయిదు లక్షల పైచిలుకు అబ్బాయిలలో నూటికి ముగ్గురు నలుగురే ఎన్‌సీఏఏ స్థాయికి చేరతారు. కానీ అతని దారి ఆ ముగ్గురి దారి కాదు.

అతనికి దగ్గరగా ఉన్న ఉదాహరణ మైక్ జేమ్స్. అతని ఎత్తు కూడా ఆరడుగుల ఒక అంగుళమే. అరిజోనాలో రెండేళ్ల కళాశాల, ఆపైన మీ రాష్ట్రంలోనే బోమాంట్‌లోని లమార్ విశ్వవిద్యాలయం. 2012 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. క్రొయేషియాలో మొదలుపెట్టి, ఇటలీలో ఒమేన్యా అనే చిన్న ఊరి జట్టుకు ఆడి, ఇజ్రాయెల్, గ్రీసు, స్పెయిన్ మీదుగా మెట్టు మెట్టుగా ఎక్కి, 2024లో మొనాకో ఆటగాడిగా యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ యూరోలీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. అందరూ మైక్ జేమ్స్‌లు అవుతారని నేను చెప్పడం లేదు. యూరప్ క్లబ్బులకు విదేశీయుల కోటా ఉంటుంది. జర్మనీ మొదటి లీగ్‌లో మ్యాచ్ జాబితాలోని పన్నెండు మందిలో ఆరుగురు జర్మన్లు ఉండి తీరాలి. మిగిలిన ఆ కొద్ది స్థానాలకు అమెరికా గార్డులు వందల్లో పోటీ పడతారు, వాళ్లలో ఎక్కువ మంది కళాశాలలో నాలుగేళ్లు ఆడి, మ్యాచ్ వీడియోలూ గణాంకాలూ చేతబట్టుకుని వచ్చే 22 ఏళ్లవాళ్లు. పద్దెనిమిదేళ్ల వాడికి ఆ వరుసలో చోటు దొరకడం కష్టం. పైగా వృత్తి ఒప్పందం మీద, ఏజెంటు కాగితం మీద సంతకం పెడితే కళాశాల అర్హతకే ముప్పు రావచ్చు. ఆ నిబంధనలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి, ఏ సంతకానికైనా ముందు ఆ కళాశాల నిబంధనల విభాగం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇప్పుడు మీరు అడిగిన రెండు దారులు. మీకు 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి 401కె నుంచి 60,000 తీస్తే పది శాతం జరిమానా కింద 6,000 పోతాయి. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే మరో 13,200 పన్ను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా చేతికి వచ్చేది 40,800 మాత్రమే. ఇది నాకు ఏ కోణంలోనూ సమ్మతం కాదు. స్థలం అమ్మితే, మీరు ప్రవాసులు కనుక కొనేవారు మొత్తం అమ్మకం ధర మీద టీడీఎస్ కోస్తారు. తక్కువ కోతకు ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోకపోతే, ఆ డబ్బు రీఫండు దాకా అక్కడే చిక్కుకుంటుంది. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను. ద్రవ్యోల్బణ సర్దుబాటు ఎంపిక ప్రవాసులకు లేదు. భారత్‌లో లెక్క మీ నాన్నగారి కొనుగోలు ధర నుంచి మొదలవుతుంది, అమెరికాలో ఆయన మరణించిన నాటి విలువ నుంచి. అందుకే ఆనాటి విలువకు ఒక మదింపు నివేదిక ఇప్పుడే తీసి పెట్టుకోండి, స్థలం అమ్మినా అమ్మకపోయినా.

529 ప్లాన్‌ను కదపకూడదని మీరెందుకు అనుకుంటున్నారో నాకు బోధపడలేదు. అది ఉన్నదే అందుకు. ఏడాదికి 16,000 చొప్పున నాలుగేళ్లకు 64,000; మీ దగ్గర 70,000 ఉన్నాయి. చదువు ఖర్చుకు తీస్తే పన్ను లేదు. ఒక్క గజం అమ్మకుండా, ఒక్క డాలరు జరిమానా లేకుండా అబ్బాయి చేతికి డిగ్రీ వస్తుంది, నాలుగేళ్ల ఆటా దక్కుతుంది.

ఆ నాలుగేళ్ల తరువాత నిజమైన ఒప్పందం వస్తే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మీరు పంపిన నమూనా రెండో పుటలో "మొదటి ముప్పై రోజులలో కోచ్ సంతృప్తి చెందకపోతే క్లబ్బు పరిహారం లేకుండా ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు" అని ఒక వాక్యం ఉంది. అంటే పది నెలల ఒప్పందం అన్న మాటకు అర్థం లేదు, అది నెల రోజుల ఒప్పందం. వైద్య పరీక్ష నెగ్గిన తరువాత జీతం మొత్తానికి హామీ ఉండాలి. గాయపడినా అది ఆగకూడదు. వివాదాలను జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌కు నివేదించే నిబంధన తప్పనిసరిగా రాయించండి. ఆ తీర్పును పాటించని క్లబ్బు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫీబా నిషేధించగలదు. పరాయి దేశపు కోర్టు చుట్టూ తిరగడం కంటే కుర్రవాడికి ఇదే అక్కరకు వస్తుంది.

ఇక "నికర" అన్న మాట. స్థానిక పన్ను క్లబ్బు కడుతుందన్నంత మాత్రాన అమెరికా పౌరుడికి లెక్క తీరిపోదు. క్లబ్బు అతని తరఫున కట్టిన పన్నును, చాలా సందర్భాలలో ఫ్లాటు అద్దె విలువను కూడా అతని ఆదాయంగానే చూపాలి. ఆ పన్ను నిజంగా కట్టారని రుజువు పత్రం ఇవ్వాలన్న వాక్యం ఒప్పందంలో లేకపోతే, ఇక్కడ కట్టే పన్నులోంచి దాన్ని తగ్గించుకోవడం కష్టమవుతుంది. విదేశీ ఆదాయ మినహాయింపు 2025కు 1,30,000 డాలర్ల దాకా ఉందని ఎవరో చెబుతారు. కానీ దానికి ఉన్న సులువైన పరీక్ష ప్రకారం పన్నెండు నెలల్లో 330 రోజులు విదేశాలలో గడపాలి. ఆగస్టులో వెళ్లి మే నెలలో తిరిగివచ్చే ఆటగాడు ఆ లెక్కలో తప్పుతాడు. అతనికి అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునే విదేశీ పన్ను క్రెడిటే మేలు. పైగా మినహాయించిన జీతం రాత్ ఐఆర్‌ఏ అనే పదవీవిరమణ పొదుపు ఖాతాకు అర్హమైన ఆదాయంగా లెక్కకు రాదు. అతన్ని ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టరుగా రాస్తే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను మీద పడవచ్చు, ఆదాయ మినహాయింపు దానిని ఆపదు. జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లతో అమెరికాకు సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి కనుక అక్కడ రెండుసార్లు కట్టే బాధ తప్పుతుంది. టర్కీతో అలాంటిది లేదు.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. పిల్లల పేరును భారత్‌లోని ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల) ఖాతాలో ఉమ్మడిగా చేర్చి మరచిపోతాము. విదేశీ ఖాతాలన్నింటి నిల్వ కలిపి ఏడాదిలో ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలతో అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే నివేదిక దాఖలు చేయాలి. క్లబ్బు జీతం ఖాతాలో రెండు వేలే ఉన్నా, విజయవాడ బ్యాంకులో మీతో ఉమ్మడిగా ఉన్న ఖాతా అతన్ని ఆ గీత దాటిస్తుంది.

ఆరోగ్య బీమా విషయానికి వస్తే, 26 ఏళ్లు నిండేదాకా అతను మీ పాలసీలో ఉండవచ్చు. అయితే విదేశంలో మోకాలి శస్త్రచికిత్సకు అది ఎంత ఇస్తుందో బీమా సంస్థను అడిగి తెలుసుకోండి.

ప్రస్తుతానికి మధ్యవర్తికి ఏమీ చెల్లించకండి. కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయాన్ని ఒక్క ప్రశ్న అడగండి: ఆ సగం స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికేనా, గాయపడినా కోచ్ మారినా నాలుగేళ్లూ ఉంటుందా? ఏడాదికే అయితే, రెండో ఏట అది రద్దయితే మీ ఖర్చు ఏడాదికి 32,000 అవుతుంది. అప్పుడు మొత్తం 1,12,000 కావాలి, 529 నిధికి 42,000 లోటు పడుతుంది. విజయవాడ స్థలం గురించి అప్పుడు మళ్లీ రాయండి.